కనబడని పోగు: పెయిస్లీ పట్టణ చరిత్ర

మామిడిపిందె మన తెలుగువారికి క్రొత్త వస్తువు కాదు. చీర అంచున, రవిక గుడ్డపైన, పెండ్లికూతురి హారమున, ముంగిట వేసిన ముగ్గునందు సైతము ఆ వంపు తిరిగిన కొన మనకు చిన్ననాటినుండి పరిచితమే. కాని నేడు బట్టల అంగడిలో ఆ అచ్చును చూపి దాని పేరేమని అడిగినచో, అమ్మకపువాడు "పెయిస్లీ డిజైను" అని చెప్పుట కద్దు. మన తోటలో కాసిన పిందెకు సముద్రముల కావలినుండి ఆ పేరు ఎట్లు వచ్చినది? పెయిస్లీ యనునది ఒక దొర పేరు కాదు. ఒక అద్దకపు పద్ధతియు కాదు. అది స్కాట్లండు దేశమున, గ్లాస్గో నగరమునకు పడమట సుమారు ఏడు మైళ్ళ దూరమున, వైట్ కార్ట్ అను చిన్న నది యొడ్డున వెలసిన ఒక నేతగాండ్ర పట్టణము. ప్రాచీనమైన మఠము, పాతకాలపు మగ్గపుటిల్లు, నక్షత్రశాల, ఉద్యానము మొదలైన చూడదగిన స్థలములు అచ్చట పెక్కు గలవు. వానిని ఒక్కొక్కటిగా పరికించుచు పోయినచో, ఆ పేరు వెనుక దాగియున్న కథ తనంత తానే బయటపడును.

పట్టణము నడుమనున్న మఠమే పెయిస్లీకి మొదలు. 1163వ సంవత్సరమున వాల్టరు ఫిట్జ్‌అలన్ అను ప్రభువు దీని స్థాపనకు శాసనము వ్రాయించి యిచ్చెను. ఇంగ్లండులోని వెన్‌లాక్ నుండి క్లూనీ సంప్రదాయపు సన్యాసులు వచ్చి యిచ్చట నివాస మేర్పరచుకొనిరి. ఆ వాల్టరు స్కాట్లండు రాజునకు సర్వాధికారి. ఆ యుద్యోగమును వారి భాషలో స్టూవర్డు అందురు. అది వంశపారంపర్యమై, తుదకు ఉద్యోగపు పేరే వంశమునకు పేరయ్యెను. ఆ వంశమునందే పుట్టిన మరియొక వాల్టరు, 1315లో రాబర్టు బ్రూసు రాజు కుమార్తెయైన మార్జొరీని వివాహమాడెను. కొలది కాలమునకే నిండు గర్భిణియైన ఆమె పెయిస్లీ సమీపమున గుఱ్ఱముపైనుండి పడి మరణించినదనియు, శిశువు మాత్రము బ్రదికి బయటపడెననియు ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. ఆ శిశువే 1371లో రెండవ రాబర్టు అను పేర సింహాసనమెక్కి, స్టూవర్టు రాజవంశమునకు మూలపురుషుడయ్యెను. ఆ వంశములో పుట్టిన జేమ్సు 1603లో ఇంగ్లండునకు సైతము రాజయ్యెను. ఆంగ్లేయుల వర్తకశాల 1611లో మన మచిలీపట్టణమున వెలసినది ఆయన పరిపాలనలోనే. చరిత్రలోని పోగులు ఎచ్చట మొదలై యెచ్చట ముడిపడునో ఎవరు చెప్పగలరు?

మఠము బహు కష్టముల పాలైనది. 1307లో ఇంగ్లండు సేనలు దానిని తగులబెట్టినవి. మరల కట్టిన పిమ్మట 16వ శతాబ్దమున నడిమి గోపురము కూలి, తూర్పు భాగమును శిథిలము చేసెను. ప్రజలు మిగిలిన భాగమునకు అడ్డుగోడ కట్టుకొని, అందులోనే కొన్ని శతాబ్దములు ప్రార్థనలు జరుపుకొనిరి. సంపూర్ణమైన పునరుద్ధరణము 1928 నాటికిగాని ముగియలేదు. 1990 ప్రాంతమున ఈ మఠము చెంత, మనుష్యుడు నిలిచి నడువదగినంత యెత్తుగల మధ్యయుగపు రాతి మురుగుకాలువ బయల్పడినది. అందు దొరకిన పలకరాళ్ళలో కొన్నింటిపై సంగీత స్వరములు గీయబడి యున్నవి. పలువురి గాత్రములు వేర్వేరు వరుసలలో కలసి పాడెడి పద్ధతికి స్కాట్లండులో దొరకిన అతి ప్రాచీనమైన ఆనవాళ్ళలో ఇవి యెన్నదగినవి. రాజుల సమాధులు పైన మెరయుచుండగా, పేరు తెలియని ఒక గాయకుని స్వరములు క్రింది బురదలో అయిదారు శతాబ్దములు దాగియుండెను.

మఠము దాటి పట్టణములోనికి అడుగిడినచో, వీధుల పేర్లే ఆ యూరి వృత్తిని చెప్పును. సిల్క్ స్ట్రీట్ అనగా పట్టు వీధి. కాటన్ స్ట్రీట్, నూలు వీధి. గాజ్ స్ట్రీట్, పలుచని జాలిబట్ట వీధి. షటిల్ స్ట్రీట్, నాడె వీధి. ఈ నేతకు మూలమైన దారపు చరిత్రలో ఒక విషాదము కూడ పెనవేసికొని యున్నది. 1696లో పదునొకండేండ్ల బాలికయగు క్రిస్టియన్ షా తనకు కొందరు చేతబడి చేసిరని ఆరోపించెను. ఏడుగురు దోషులని తీర్పు వెలువడెను. 1697 జూన్ 10వ తేదీన పెయిస్లీ ఉరిమైదానమున శిక్ష అమలు జరిగెను. నిర్దోషులు మూఢవిశ్వాసమునకు బలియైరి. వారి అవశేషములను పాతిపెట్టిరని చెప్పెడి కూడలిలో, దారి నడుమ, ఒక గుఱ్ఱపు నాడా గుర్తు నేటికిని గలదు. ఆ బాలికయే పెరిగి పెద్దదై, సన్నని తెల్లని నారదారమును వడకు పద్ధతిని ఆ ప్రాంతమున ప్రవేశపెట్టి, దారపు పరిశ్రమకు బీజము నాటినదని ప్రతీతి.

నారదారము తరువాత పట్టు జాలిబట్ట, దాని తరువాత నూలు వచ్చినవి. 18వ శతాబ్దాంతమునకు పెయిస్లీ నేతగాండ్రు సూక్ష్మమైన పనితనమునకు పేరుగాంచిరి. వారు కేవలము కూలికి చేతులాడించెడివారు కారు. మగ్గముమీద పుస్తకము తెరచి పెట్టుకొని చదివెడివారు, పెరటిలో అంచుగీతలుగల అందమైన పూలజాతులను పెంచెడివారు, సంఘములుగా కూడి రాజకీయములు చర్చించెడివారు, పద్యములు కట్టెడివారు. 1774లో జన్మించిన రాబర్టు టానహిల్ నేత నేయుచునే పాటలు రచించి, 1810లో మనోవేదనతో తన వ్రాతప్రతులను దగ్ధమొనర్చి నీటమునిగి మరణించెను. ఆయనకన్న పెద్దవాడగు అలెగ్జాండరు విల్సన్ వస్త్ర వ్యాపారులను ఎత్తిపొడుచుచు వ్యంగ్యకవితలు వ్రాసినందుకు చెరసాల పాలై, తన పద్యమును నడివీధిలో తన చేతులతోనే కాల్చవలసి వచ్చెను. 1794లో ఆయన అమెరికా చేరి, అచ్చటి పక్షిజాతులను వర్ణించు తొమ్మిది సంపుటముల గ్రంథమును రచించి, ఆ దేశపు పక్షిశాస్త్రమునకు పితామహుడని పేరుపొందెను. మగ్గమును విడిచిన చేయి పక్షి ఈకలలోని రంగుల వరుసను అంత సూక్ష్మముగా గుర్తించుటలో వింత యేమున్నది?

ఇక మామిడిపిందె కథకు వత్తము. దీని పుట్టుక పెయిస్లీలో కాదు. కాశ్మీరదేశపు శాలువలపై మొగలుల కాలమున వేళ్ళతో సహా ఒక పూలమొక్కను నేసెడివారు. కాలక్రమమున ఆ మొక్క గుబురై, పూలకుండ వలె రూపొంది, 18వ శతాబ్దమున కొన వంగిన పిందె ఆకారమును తాల్చెను. పారసీకమునందు సైతము ఈ రూపము ప్రసిద్ధము. హిమాలయముల కావలి చలిప్రదేశములలోని మేకల మెత్తని లోవెండ్రుకలతో వడకిన పోగును, రంగురంగుల చిన్న కొయ్యకండెలకు చుట్టి, ఒక్కొక్క రంగును ఒక్కొక్క చోట చేతితో పెనవేయుచు కాశ్మీరపు నేతగాడు ఆ శాలువను నేయును. ఎన్ని పోగులు, ఏ రంగువి అను లెక్క 'తాలీము' అను సంకేతలిపిలో కాగితముపై నుండును. ఒకడు దానిని రాగయుక్తముగా చదువుచుండగా మగ్గము చెంతనున్నవారు నేయుదురు. ఒక గొప్ప శాలువకు సంవత్సరము, అంతకు మించియు పట్టుట కద్దు.

18వ శతాబ్దపు చివరి భాగమున కంపెనీ ఉద్యోగులు, ఈజిప్టు దండయాత్ర నుండి మరలిన ఫ్రెంచి సేనాధిపతులు ఈ శాలువలను ఐరోపాకు కొనిపోయిరి. నెపోలియను భార్యయగు జోసెఫీను వానిని ధరించుటతో, ధనిక స్త్రీలందరకును వానిపై మోజు కలిగెను. కాని వెల సామాన్యులకు అందనిది. అంతకు మునుపే ఎడిన్‌బరో, నారిచ్ పట్టణములవారు అనుకరణలు ప్రారంభించియుండిరి. 1805 ప్రాంతమున ఆ పని పెయిస్లీకి వచ్చెను. కొలది కాలముననే పెయిస్లీ తక్కినవారినందరను మించెను. లండనులో క్రొత్తగా దిగిన కాశ్మీరు శాలువల నమూనాలను వెంటనే గీసికొని వచ్చుటకు అచ్చటి వ్యాపారులు మనుష్యులను పంపెడివారట. అసలు శాలువ ధరలో కొద్ది వంతునకే అనుకరణ శాలువ అంగడికెక్కెడిది. మొదట మగ్గముపైనుండి దారములను లాగుటకు ఒక పిల్లవాడుండెడివాడు. పిమ్మట మన నేతపనివారికి సైతము తెలిసిన జకార్డు యంత్రము వచ్చి ఆ పిల్లవాని పనిని చిల్లులుపడ్డ అట్టలకు అప్పగించెను.

ఇందొక విడ్డూరము గమనింపవలసి యున్నది. బట్టలపై వేసెడి నమూనాలను తమ పేర నమోదు చేసికొని, ఇతరులు దొంగిలింపకుండ కాపాడుకొనుటకు 1842లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టము చేసినది. కాశ్మీరపు పనివాని ఊహను ఉచితముగా తీసికొనినవారికి, దానినుండి తాము కల్పించిన రూపములకు రక్షణ లభించినది. నమూనాను మొదట ఊహించిన 'నక్కాషు' పేరు ఏ దస్తావేజులోను లేదు. మామిడిపిందెకు అనుకరించినవారి ఊరి పేరు స్థిరపడినది.

అట్లని పెయిస్లీ నేతగాడు సుఖపడెనా? లేదు. మోజు పెరిగినప్పుడు పని, తగ్గినప్పుడు పస్తు. 1841 మొదలు 1843 వరకు వచ్చిన మాంద్యములో వ్యాపారసంస్థలు సగమునకు పైగా కూలిపోయినవి. వేలకొలది కుటుంబములు అంబలికై వరుసలో నిలిచినవి. 1842లో విక్టోరియా రాణి పెయిస్లీ శాలువలు కొని ధరించి ఆ పరిశ్రమకు ఊతమిచ్చెను. నాలుగేండ్లకు, 1846 అమృతసర్ సంధి ననుసరించి, కాశ్మీరప్రభువు ఆ ప్రభుత్వమునకే ఏటేట ఒక గుఱ్ఱమును, పండ్రెండు మేకలను, మూడు జతల కాశ్మీరు శాలువలను సమర్పించుకొనవలసి వచ్చెను. ఒకే గద్దెకు అనుకరణ కొనుగోలుగా, అసలు కప్పముగా చేరినవి.

ఈ పట్టణ చరిత్ర కంతకును మకుటాయమానమైన ఘట్టము ఒక సన్నని పోగును గూర్చినది. దానిని వారి మాటలో 'స్మా షాట్' అందురు. చిన్న పేక యని యర్థము. పెయిస్లీ శాలువలో రంగు పేకపోగులు పువ్వు ఉన్నచోట మాత్రమే ముఖమునకు వచ్చి, తక్కిన చోట్ల వెనుకవైపు వ్రేలాడుచుండును. వానిని పడుగునకు కట్టి నిలుపుటకు నడుమ నడుమ ఒక సన్నని నూలుపోగును వేయవలెను. అది కంటికి కనబడదు. అది లేనిచో పువ్వంతయు విడిపోవును. కనబడెడి పేకలను లెక్కించి కూలి ఇచ్చెడి వ్యాపారులు, ఈ చిన్న పేకకు మాత్రము ఇవ్వమనిరి. కనబడనిదానికి వెల యేమని వారి వాదము. అది వేయనిచో బట్ట చెడును. చెడిన బట్టకు కూలి లేదు. కావున నేతగాడు ఆ పోగును తన యింటిసొమ్ముతో వేసి, ఆ శ్రమను ఉచితముగా ధారపోయవలసి వచ్చెను.

నేతగాండ్రు సంఘముగా కూడి చాలకాలము పోరాడిరి. ఛార్ల్స్‌టన్ పేటలో ఒక డప్పు వాయించి సభలకు పిలిచెడివారు. తుదకు 1856లో వ్యాపారులు ఒప్పుకొని, చిన్న పేకకును కూలి కట్టిరి. ఆ విజయస్మృతిగా జూలై నెల మొదటి శనివారము పట్టణమునకు పండుగ దినమయ్యెను. మధ్యలో మరుగుపడిన ఆ పండుగను 1986లో పునరుద్ధరించిరి. నేడును ఆనాడు డప్పు మ్రోగించుచు ఊరేగింపు సాగును. 'కార్క్' అను ముద్దుపేరుగల వ్యాపారి బొమ్మను తగులబెట్టుదురు. ఆ పోగు పేరనే ఒక పాత నేతగాని యిల్లు 18వ శతాబ్దపు మగ్గముతో, సామగ్రితో భద్రపరుపబడి యున్నది. పెక్కు నగరములలో యుద్ధవిజయములకు స్మారకములుండును. కంటికి కనబడని ఒక నూలుపోగు కూలిని స్మరించి పండుగ చేసికొనెడి యూరు మాత్రము అరుదు.

కాశ్మీరమున ఇట్టి విజయము లభింపలేదు. అచ్చట నేతగాండ్రపై పన్నుల భారము దుర్భరమై, పలువురు పంజాబునకు పారిపోయిరి. 1865 ఏప్రిల్ 29న శ్రీనగరములో జాల్దగర్ వద్ద ఊరేగింపుగా వచ్చిన శాలువ నేతగాండ్రపై సైనికులు పడగా, సుమారు 28 మంది ప్రాణములు కోల్పోయిరి. 1870 నాటికి ఐరోపా స్త్రీల దుస్తుల తీరు మారి, వీపు వైపు ఎత్తుగా నుండు లంగాలు వచ్చెను. వానిపై శాలువ నిలువలేదు. ఆ యేటనే మొదలైన ఫ్రాన్సు-ప్రష్యా యుద్ధముతో కాశ్మీరపు వర్తకము కుంటువడెను. 1877-79 నాటి కరవు శేషించినవారిని కబళించెను. పెయిస్లీలోను శాలువ మగ్గములు మూతపడినవి. అసలునకును అనుకరణమునకును అంత్యము ఒకే కాలమున ఒకే మోజు చేత వచ్చెను.

పెయిస్లీని అప్పుడు రక్షించినది మరల దారమే. నెపోలియను యుద్ధములలో 1806 ప్రాంతమున పట్టు దిగుమతి నిలిచిపోగా, మగ్గముపై పడుగును ఎత్తి దించెడి కట్టుదారములకై క్లార్కు కుటుంబమువారు నునుపైన నూలుదారమును కనిపెట్టిరి. అదే కుట్టుదారమయ్యెను. దానిని కొయ్యకండెకు చుట్టి యిచ్చి, చుట్టినందుకు అరపెన్నీ పుచ్చుకొని, ఖాళీ కండె తెచ్చినవారికి దానిని తిరిగి యిచ్చెడివారట. 1826లో జేమ్సు కోట్సు ఫెర్గుస్లీలో మిల్లు కట్టెను. కుట్టుయంత్రము ప్రపంచమంతట వ్యాపించుటతో ఈ రెండు కుటుంబముల సంపద పెరిగి, 1896లో రెండు సంస్థలు ఏకమైనవి. ఉచ్చదశలో పదివేలమంది వరకు ఆ మిల్లులలో పనిచేసిరి. వారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. మన యిండ్లలో బాలికలు బుటాలు కుట్టుకొనెడి 'యాంకర్' దారపు చిలుప, క్లార్కువారి లంగరు గుర్తు పేరుగలదే. 1974లో మధుర మిల్లులు కోట్సు సంస్థతో కలసి మదురా కోట్స్ అయినవి. ఆ విధముగా పెయిస్లీ మన కుట్టుపెట్టెలోనికి కూడ వచ్చి చేరినది.

కోట్సు కుటుంబమువారు పట్టణమునకు చేసిన దానములు ఇప్పటికిని దర్శనీయములు. 1868లో ప్రజల కిచ్చిన ఉద్యానమున సముద్రసింహముల వంటి దంతముల జంతువులతో పోతపోసిన ఇనుప జలయంత్రము కలదు. 1871లో వస్తుప్రదర్శనశాల, 1883లో ఓక్‌షా కొండపై నక్షత్రశాల, 1894లో స్మారక దేవాలయము వెలసినవి. వస్తుప్రదర్శనశాలకు చెందిన వేయికి మించిన శాలువల సంచయము ప్రపంచప్రసిద్ధము. విస్తృతమైన పునర్నిర్మాణమునకై ఆ శాలను 2018లో మూసివేసిరి. ఆ భవనముల గోడలపై దాత పేరు చెక్కబడి యున్నది. మిల్లులో నిలిచి కండెలు చుట్టిన స్త్రీల పేర్లు లేవు. మిల్లులు 1993 నాటికి మూతపడినవి. 1886లో కట్టిన యాంకర్ మిల్లు భవనము మాత్రము నివాసగృహములుగా మారి, నది యొడ్డున ఠీవిగా నిలిచి యున్నది.

ఈ యూరినుండి బయలుదేరిన మరియొక చిన్న సంగతి మన న్యాయస్థానములకు సైతము చేరినది. 1928 ఆగస్టు 26న వెల్‌మెడో వీధిలోని ఒక ఫలహారశాలలో మే డోనహ్యూ అను బీదస్త్రీకి ఆమె స్నేహితురాలు అల్లపు పానీయము ఇప్పించెను. సీసా నల్లనిది, లోపలిది కనబడదు. సగము త్రాగిన పిమ్మట మిగిలినది ఒంపగా అందు కుళ్ళిన నత్త వెలువడెనని ఆమె అభియోగము. కొనినది ఆమె కాదు కావున తయారుచేసినవానితో ఆమెకు ఒప్పందము లేదు. అయినను, సరకును తుదకు వాడెడివారి యెడల తయారుచేసినవాడు జాగరూకత వహింపవలెనని 1932లో ప్రభువుల సభ తీర్పు చెప్పెను. నత్త నిజముగా నుండెనా యను ప్రశ్న విచారణలో ఎన్నడును తేలలేదు. కాని తాను చూడని మనుష్యునికి కూడ తాను బాధ్యుడను సూత్రము స్థిరపడినది. నిర్లక్ష్యమును గూర్చిన వ్యాజ్యములలో భారతీయ న్యాయమూర్తులు దీనిని పలుమారులు ఉదహరించిరి.

కనబడని పోగునకు కూలి, కనబడని మనుష్యునికి రక్షణ: ఈ రెండును ఒకే చిన్న పట్టణమునుండి వచ్చుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని ఆ యూరు కాపాడుకొనిన వారసత్వమంతటిలో రాజసమాధులకంటెను, దాతల సౌధములకంటెను విలువైనవి ఇవియే యని తోచును. ఆ న్యాయమును మనము మరికొంత దూరము సాగింపవలసి యున్నది. శాలువలోని చిన్న పేకకు పెయిస్లీలో 1856లో లెక్క తేలినది. ఆ పువ్వును మొదట ఊహించిన కాశ్మీరపు నక్కాషునకు, తాలీము చదివిన గొంతునకు లెక్క యింకను తేలలేదు. ఇకమీదట అంగడిలో ఎవరైన ఆ అచ్చును పెయిస్లీ యని చెప్పినచో కాదనవలసిన పని లేదు. ఆ పేరును నేతగాండ్రు చెమటోడ్చియే సంపాదించిరి. కాని మన యింటిలో మాత్రము దానిని మామిడిపిందె యనియే పిలుచుకొందము. పిల్లలు అడిగినప్పుడు ఆ రెండు పేర్ల నడుమనున్న కనబడని పోగును గూర్చి కూడ చెప్పుదము.